మూడేళ్ల పిల్లాడి కోపం ముందు టీచర్ ఏం చేయాలి?

జూన్‌లో బడి తెరిచిన మొదటి రెండు వారాలు ప్రీ ప్రైమరీ టీచర్లకు గడ్డుకాలం. గేటు దగ్గర అమ్మ కొంగు వదలని పిల్ల ఒకతి, చెప్పులు విప్పనని మొండికేసిన పిల్లాడు ఒకడు, పక్కవాడు ఏడుస్తున్నాడని తనూ అందుకున్నవాడు ఇంకొకడు. ఆ గదిలోకి కొత్తగా వచ్చిన టీచర్‌కి రైమ్స్ వచ్చు, ఫోనిక్స్ వచ్చు, చార్టులు వేయడం వచ్చు. నేల మీద పడి దొర్లుతున్న పిల్లాడి దగ్గరికి ఎలా వెళ్లాలో, వెళ్లి ఏం మాట్లాడాలో మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. ఇంటర్వ్యూలో దాని గురించి అడగరు. ఉద్యోగంలో చేరాక రోజూ ఆ అవసరమే పడుతుంది.

మాంటిస్సోరి బడుల్లో చేరుతున్నవాళ్లూ, ప్లే స్కూళ్లలోనూ అంగన్‌వాడీల్లోనూ పనిచేస్తూ ఈ పద్ధతి నేర్చుకోవాలనుకుంటున్నవాళ్లూ అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: “పిల్లల ఎమోషన్స్‌ని ఎలా హ్యాండిల్ చేయాలి మేడమ్?” నా జవాబు ముందే చెప్పేస్తాను. మాంటిస్సోరి తరగతిలో భావోద్వేగాలకు విడిగా పీరియడ్ ఉండదు. చేతి పనిలో, తన వంతు కోసం ఎదురుచూడటంలో, ఒలికిన నీళ్లు తనే తుడుచుకోవడంలో పిల్లలకు ఆ చదువు అబ్బుతుంది. టీచర్ చేయాల్సినదాంట్లో సగానికి పైగా తన చేతుల్నీ గొంతునీ అదుపులో పెట్టుకోవడమే. వినడానికి తేలిక. ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన భాగం కూడా ఇదే.

ముక్కు చీదడం నేర్పిన డాక్టరమ్మ

మరియా మాంటిస్సోరి 1896లో రోమ్ విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టా తీసుకున్నారు. 1907 జనవరి 6న రోమ్‌లోని సాన్ లొరెంజో అనే పేదల పేటలో మొదటి ‘పిల్లల ఇల్లు’ తెరిచారు. అమ్మానాన్నలు పనికి పోతే పిల్లలు గోడలన్నీ గీకేస్తూ మెట్ల మీద పరుగులు పెడుతున్నారని, వాళ్లను ఒకచోట కూర్చోబెట్టే మనిషి కావాలని ఆ ఇళ్ల యాజమాన్యం అనుకుంది. ఆ గది అలా వచ్చింది. అక్కడికి వచ్చిన పిల్లలు బెరుకుగా, బిక్కమొహాలతో ఉండేవాళ్లని ఆమే రాశారు.

ఆమె రాసిన సంగతుల్లో కొత్త టీచర్లకు నేను మొదట చెప్పేది ముక్కు చీదే పాఠం. ఒకరోజు ఆమె పిల్లల ముందు కూర్చుని చేతిరుమాలు ఎలా తీయాలో, చప్పుడు కాకుండా, పక్కవాళ్లకు కనిపించకుండా ముక్కు ఎలా తుడుచుకోవాలో నెమ్మదిగా చేసి చూపించారు. పిల్లలు కదలకుండా చూశారు. అయిపోయాక ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. ఇందులో అంత గొప్పేముందని ఆమెకూ మొదట అనిపించింది. తర్వాత అర్థమైంది. ముక్కు కారుతోందని ఆ పిల్లల్ని అందరూ తిట్టినవాళ్లే. పదిమందిలో సిగ్గుపడేలా చేసినవాళ్లే. ఎలా తుడుచుకోవాలో మర్యాదగా చూపించినవాళ్లు అంతవరకూ ఒక్కరూ లేరు.

మన తరగతి గదుల్లో ఈ పాఠానికి ఇంకా పని ఉంది. “ఎన్నిసార్లు చెప్పాలి నీకు?” అనే మాట పొద్దుటి నుంచి ఎన్నిసార్లు వినబడుతుందో ఒక పూట లెక్కపెట్టండి. మనం చెప్పడం చెబుతూనే ఉంటాం. చేసి చూపించడం అరుదు. మూడేళ్ల పిల్లకి తలుపు చప్పుడు కాకుండా వేయమని చెబితే అర్థం కాదు. రెండు చేతులతో గడి పట్టుకుని, తలుపు చివరి బెత్తెడు దూరం మరీ నెమ్మదిగా నెట్టి చూపిస్తే వెంటనే పట్టుకుంటుంది.

సాన్ లొరెంజోలోని అదే గదిలో మూడేళ్ల పాప ఒకతి చెక్క దిమ్మలోని గుండ్రటి ముక్కల్ని తీసి, వాటి వాటి గుంటల్లో పెడుతూ కూర్చుంది. ఏకాగ్రత చెదురుతుందేమో చూద్దామని మాంటిస్సోరి చుట్టూ మిగతా పిల్లల చేత పాటలు పాడించారు. కుర్చీతో సహా ఆమెను ఎత్తి బల్ల మీద పెట్టారు. పాప ముక్కల్ని ఒళ్లో పట్టుకుని మళ్లీ మొదలుపెట్టింది. నలభైసార్లకు పైగా చేశాక తనంతట తనే ఆపి, అప్పుడే నిద్ర లేచినట్టు తేటగా చుట్టూ చూసింది. మాంటిస్సోరి తన పద్ధతికి ఆధారం చేసుకున్నది ఆ చూపునే. చేతులు పనిలో మునిగితే మనసు కుదుటపడుతుంది. ఎప్పుడూ చిరాకుగా, ఎవరినో ఒకరిని గిల్లుతూ తిరిగే పిల్లాడు మీ తరగతిలో ఉంటే, వాడి గుణం గురించి ఆలోచించే ముందు వాడికి మనసు పెట్టేంత పని దొరికిందా లేదా చూసుకోండి. చాలాసార్లు దొరికి ఉండదు.

మాంటిస్సోరి 1939లో దివ్యజ్ఞాన సమాజం పిలుపు మీద మద్రాసు వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా ఇక్కడే ఉండిపోయారు. అడయార్‌లో మొదలైన ఆమె శిక్షణ కోర్సుల వల్ల ఈ పద్ధతి మన దేశంలో వేళ్లూనుకుంది. మన విజయవాడలో వి. కోటేశ్వరమ్మ గారు 1950ల్లోనే మాంటిస్సోరి పేరుతో బడి పెట్టారు. 2017లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. కాబట్టి ఇది నిన్నగాక మొన్న గచ్చిబౌలిలో దిగిన ఫ్యాషన్ అనుకోవద్దు.

ఒక్కటే ట్రే, ఇద్దరు పిల్లలు

మాంటిస్సోరి గదిలో ప్రతి వస్తువూ ఒక్కటే ఉంటుంది. చెక్క దిమ్మెలు పేర్చి కట్టే పింక్ టవర్ ఒకటే, నీళ్లు ఒంపే ట్రే ఒకటే. కొత్తగా చేరిన టీచర్లే కాదు, యాజమాన్యాలు కూడా దీన్ని లోటు అనుకుంటాయి. “గొడవ పడుతున్నారు కదా, ఇంకోటి కొనేద్దాం” అంటారు. కొననివ్వకండి. ఆ ఒక్కటి ఉండటం వల్లనే పిల్లలు ఆగడం నేర్చుకుంటారు.

ఒక తరగతిలో చూసింది చెబుతాను. నాలుగేళ్ల పాప చిన్న గాజు జగ్గులోంచి రెండు గ్లాసుల్లోకి నీళ్లు ఒంపుతోంది. ఒక బాబు వచ్చి జగ్గు పిడి పట్టుకున్నాడు. పాప వదల్లేదు. నీళ్లు బల్ల మీద ఒలికాయి. వాడు కీచుగా అరిచాడు. టీచర్ గది అవతల నుంచి “ఏయ్!” అనలేదు, పరిగెత్తలేదు. నడిచి వచ్చి మోకాళ్ల మీద కూర్చుని, వాడి చేతి మీద తన చెయ్యి వేసి ఉంచింది. లాగలేదు. “ఇది పాప చేస్తున్న పని” అంది. వాడు ఇంకా గట్టిగా అరిచాడు. “నీకు ఇప్పుడే కావాలి. ఆగడం కష్టంగా ఉంది” అంది. అంతే, ఇంకేం మాట్లాడలేదు. వాడి వేళ్లు వదులయ్యేదాకా అలాగే ఉంది. తర్వాత ఒక కుర్చీ తెచ్చి బల్లకు కాస్త దూరంలో వేసి, “కూర్చుని చూడొచ్చు. చేతులు వెనక్కి పెట్టుకుని చూస్తాం కదా” అని, తన చేతులు వెనక్కి కట్టి చూపించింది. ఈలోగా పాప స్పాంజి తెచ్చి నీళ్లు అద్దుతోంది. వాడు కొంచెంసేపు చూశాడు. లేచి వెళ్లి బకెట్ తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. ఇద్దరూ కలిసి స్పాంజి పిండారు. పాప పని ముగించి ట్రేని షెల్ఫ్‌లో పెట్టాక వాడు వెళ్లి తీసుకున్నాడు.

ఇందులో టీచర్ చేయని పనులు గమనించండి. ఎవరిది తప్పో విచారించలేదు. “అక్కకి సారీ చెప్పు” అనలేదు. “షేర్ చేసుకోవాలి నాన్నా” అని పాప చేతిలోంచి జగ్గు తీసి వాడికి ఇవ్వలేదు. బలవంతంగా పంచుకోమంటే, గట్టిగా అరిచినవాడికే వస్తువు దక్కుతుందని ఇద్దరికీ తెలిసిపోతుంది. తన పని ఎవరూ లాక్కోరని నమ్మకం కుదిరిన పిల్లే పక్కవాళ్లను తనంతట తాను కలుపుకుంటుంది.

ఇలాంటి గొడవలకు ముందే సిద్ధం చేసే పాఠాల్ని మాంటిస్సోరిలో ‘గ్రేస్ అండ్ కర్టసీ’ అంటారు. ఈ.పి.ఎల్. (ఎక్సర్‌సైజెస్ ఆఫ్ ప్రాక్టికల్ లైఫ్) అనే రోజువారీ జీవితపు పనులతో పాటు వీటినీ మొదటి వారం నుంచే మొదలుపెట్టాలి. గొడవ జరిగిన వెంటనే చెప్పకూడదు. అప్పుడు చెబితే అది పాఠం అవదు, తిట్టు అవుతుంది. అందరూ ప్రశాంతంగా ఉన్న వేళ నలుగురైదుగురిని పిలిచి, తోటి టీచర్‌తో కలిసి చిన్న నాటకంలా రెండు నిమిషాలు చేసి చూపించాలి. ఎవరైనా మ్యాట్ పరిచి పని చేసుకుంటుంటే దాన్ని తొక్కకుండా చుట్టూ ఎలా నడవాలి? టీచర్ ఇంకొకరితో మాట్లాడుతుంటే భుజం మీద చెయ్యి వేసి ఎలా ఆగాలి? వద్దు అనాలంటే ఎలా అనాలి? చివరిది చాలా ముఖ్యం. “నేను ఇంకా చేస్తున్నాను. అయ్యాక షెల్ఫ్‌లో పెడతాను” అనే రెండు వాక్యాలు నోటికి వచ్చిన పిల్లకి కొట్టే అవసరం సగం తగ్గుతుంది. కొరికే పిల్లల్లో ఎక్కువమంది మాటలు ఇంకా సరిగా రానివాళ్లే.

గట్టిగా ఏడుస్తున్నప్పుడు

ఏడుపు తారస్థాయిలో ఉన్న పిల్లాడికి వివరణలు ఎక్కవు. “ఎందుకు ఏడుస్తున్నావు?” అని అడగడం కూడా అప్పుడు దండగే. ఎందుకో వాడికి తెలియదు. ముందు దెబ్బ తగిలే వస్తువులు పక్కకి జరపండి. వాడి కళ్ల ఎత్తుకు దిగండి. దగ్గరికి రానిస్తే దగ్గరగా, వద్దంటే నాలుగడుగుల దూరంలో, వాడికి కనబడేలా కూర్చోండి. మాట తగ్గించండి. ఫోన్‌లో బొమ్మలు చూపించి మరిపించడం, చాక్లెట్ ఇచ్చి ఆపడం, “అదిగో కాకి” అని దృష్టి మళ్లించడం చేయకండి. ఏడుపు ఆగుతుంది గానీ, కోపం వచ్చినప్పుడు ఏం చేయాలో వాడికి తెలియకుండానే ఆ పూట గడిచిపోతుంది.

కొన్ని మాటలు గదిలోకి రానివ్వనే కూడదు. “బూచోడికి పట్టిస్తా”, “పోలీసులొస్తారు”, “ఇంజెక్షన్ చేయిస్తా”, “మీ అమ్మ ఇవాళ రాదులే”. “మగపిల్లాడివి, ఆడపిల్లలా ఏడుస్తావా?” అనేది వీటన్నిటికంటే చేటు. ఆ ఒక్క మాటతో బాబుకి ఏడుపు తప్పని, పాపకి తాను తక్కువని, రెండూ ఒకేసారి నేర్పేస్తాం. ఆయమ్మకు కూడా ఈ సంగతి కూర్చోబెట్టి చెప్పాలి, గౌరవంగా చెప్పాలి. మొహం కడగడం, బాత్రూమ్‌కి తీసుకెళ్లడం లాంటి పనులన్నీ ఆవిడ చేతి మీదుగానే జరుగుతాయి. పిల్లలు మీకంటే ఆవిడ మాటే ఎక్కువ వింటారు.

ఏడుపు తగ్గుముఖం పట్టాక మంచినీళ్లు ఇవ్వండి. అప్పుడు వాడికి కలిగినదానికి ఒక పేరు పెట్టండి. మన తరగతుల్లో గోడకు హ్యాపీ, సాడ్, యాంగ్రీ అనే మూడు ముఖాల చార్టు తగిలించి అదే ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అనుకుంటున్నారు. పిల్లలు ఇంట్లో రోజూ వినే మాటలు ఇంతకంటే చాలా ఎక్కువ. అమ్మమ్మ ఊరెళ్లిపోతే బెంగ. కట్టిన టవర్ ఆఖరి ముక్క దగ్గర కూలిపోతే ఉక్రోషం. కొత్త టీచర్‌ని చూస్తే బెరుకు. తనను ఆటలో కలుపుకోకపోతే చిన్నబుచ్చుకోవడం. పేరు పెట్టి పిలవగలిగినదాన్ని పిల్లలు మెల్లగా చెప్పుకోగలుగుతారు. “టవర్ కూలిపోయిందని ఉక్రోషంగా ఉందా?” అని అడిగితే నాలుగేళ్ల పిల్ల తల ఊపుతుంది. తెలంగాణ ఇంటి నుంచి వచ్చిన పిల్లాడు ‘గుస్సా’ అంటే మీరూ గుస్సా అనండి. ఇంగ్లీషు మీడియం అయినా సరే, మనసు మాట ఇంటి భాషలో సాగనివ్వండి. ప్రిన్సిపల్ ఒప్పుకోకపోతే ఒప్పించండి.

ఆ తర్వాత చేతికి పని ఇవ్వాలి. బల్ల కడగడం, అరటిపండు ముక్కలు కోయడం, ఇత్తడి చెంబు తోమడం, మొక్కలకు నీళ్లు పోయడం, కాస్త బరువున్న కుర్చీ మోయడం. ఒంట్లో మిగిలిన బిగువు ఈ పనుల్లో పోతుంది. దీన్ని శిక్షగా మార్చకండి. “ఏడిచావు కదా, పో, బల్ల తుడువు” అంటే అంతా చెడినట్టే. “రా, ఈ చెంబు తోముదాం” అనండి, మీరూ పక్కన కూర్చోండి.

ఎవరైనా కొడితే ముందు దెబ్బ తగిలిన పిల్ల దగ్గరికి వెళ్లండి. కొట్టినవాడిని మీతోపాటు తీసుకెళ్లి, తడిగుడ్డ వాడి చేతికిచ్చి, “ఇక్కడ నొప్పిగా ఉందట, మెల్లగా అద్దు” అనండి. వాడు అద్దితే మంచిది. అద్దకపోతే మీరు అద్దుతుంటే వాడు చూస్తాడు. సారీ అనే మాటను నోట్లోంచి లాగక్కర్లేదు.

పొద్దున్నే గేటు దగ్గర విడిపోవడం గురించి తల్లిదండ్రులకు ఒక్కటి కచ్చితంగా చెప్పండి: పిల్ల చూడనప్పుడు జారుకోవద్దు. చెప్పి, ఒక ముద్దు పెట్టి, వెళ్లాలి. ఎప్పుడొస్తారో పిల్లకు తెలిసే గుర్తులతో చెప్పాలి. పన్నెండున్నర అంటే మూడేళ్ల పిల్లకి ఏమీ తెలియదు. “అన్నం తిని చేతులు కడుక్కున్నాక తాతయ్య వస్తారు” అంటే తెలుస్తుంది. చెప్పినట్టే తాతయ్య రావాలి మరి.

ఇక స్టార్లు, స్టిక్కర్లు, ‘గుడ్ బాయ్’లు. మాంటిస్సోరి పద్ధతిలో బహుమతులూ లేవు, శిక్షలూ లేవు. పిల్లలు బాగా చేస్తే చూసింది చూసినట్టు చెప్పండి: “మూల దాకా తుడిచావు, నేల ఆరిపోయింది.” వాడు తన పని వైపు చూసుకుంటాడు, మీ మొహం వైపు కాదు. కొట్టడం గురించి వేరే చెప్పక్కర్లేదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకే కదా, ఎల్‌కేజీకి వర్తించదని వాదించేవాళ్లు నాకు తగిలారు. అయినా, తమ సంరక్షణలో ఉన్న పిల్లల్ని హింసించడం 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద నేరం. చట్టం సంగతి అటుంచి, దెబ్బకు భయపడి నోరు మూసుకున్న పిల్లాడు నేర్చుకున్నదేమీ ఉండదు.

నోటి మీద వేలు వేయించకండి

మన బడుల్లో నిశ్శబ్దం అంటే ‘ఫింగర్ ఆన్ ద లిప్స్’. మాంటిస్సోరి సైలెన్స్ గేమ్‌కీ దానికీ పోలిక లేదు. సాన్ లొరెంజోలో ఆమె ఒకరోజు నాలుగు నెలల పసిపాపను ఎత్తుకుని తరగతిలోకి వెళ్లారు. ఈ పాప ఎంత కదలకుండా ఉందో చూడండి, ఇంత నెమ్మదిగా మీరు ఊపిరి పీల్చగలరా అన్నారు. పిల్లలందరూ కదలకుండా ఉండిపోయారు. ఎప్పుడూ వినపడని గడియారం చప్పుడు వినబడింది. వాళ్లకది ఎంతో నచ్చింది. ఆట అక్కడే పుట్టింది.

తరగతి కాస్త స్థిరపడ్డాక, పిల్లలు కోరుకుంటేనే ఈ ఆట పెట్టండి. కిటికీ తలుపులు దగ్గరగా వేసి, అందరూ హాయిగా కూర్చున్నాక, మీరు గది చివరికి వెళ్లి ఒక్కొక్కరి పేరూ గుసగుసగా పిలవాలి. పిలుపు విన్న పిల్ల చప్పుడు కాకుండా లేచి రావాలి. మొదటి రోజుల్లో అర నిమిషం చాలు. అయ్యాక ఏం విన్నారో అడగండి. ఫ్యాను, పక్కింటి కుక్కర్ విజిల్, వీధిలో ఉల్లిపాయల బండి మైకు, తన గుండె. ఆఖరున పిలిచే పిల్ల అందరికంటే ఎక్కువసేపు ఆగాలి. కాబట్టి ఆగగలిగేవాళ్లను ఆఖరున పిలవండి, గాభరా పడేవాళ్లను ముందు పిలవండి. అల్లరి మితిమీరినప్పుడు గది సద్దుమణగడానికి ఈ ఆటను వాడారంటే మర్నాటి నుంచి అది పనిచేయదు.

ఇదంతా నిజంగా ఫలితం ఇస్తుందా అని తల్లిదండ్రులు అడుగుతారు. చెప్పడానికి మీ దగ్గర ఆధారం ఉండాలి. అమెరికాలోని మిల్వాకీ నగరంలో మాంటిస్సోరి బడి సీట్లు లాటరీ తీసి ఇచ్చారు. సీటు వచ్చిన పిల్లల్నీ రాని పిల్లల్నీ ఏంజలీన్ లిలార్డ్, నికోల్ ఎల్స్-క్వెస్ట్ పోల్చి చూసి 2006లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. రెండు వైపులా తల్లిదండ్రులు ఆ బడి కోరుకున్నవాళ్లే కాబట్టి పోలికకు విలువ ఉంది. ఐదేళ్ల వయసులో మాంటిస్సోరి పిల్లలు ఎదుటివాళ్ల మనసులో ఏముందో ఊహించడంలో, గొడవ వచ్చినప్పుడు న్యాయం మాట్లాడి తేల్చుకోవడంలో, ఆటస్థలంలో కలిసి ఆడుకోవడంలో ముందున్నారు. అదే లిలార్డ్ 2012లో ఇంకో సంగతి చూపించారు. పద్ధతిని ఉన్నదున్నట్టు పాటించిన తరగతుల్లో పిల్లల ఎదుగుదల ఎక్కువగా ఉంది. వర్క్‌షీట్లూ ఇతర సామగ్రీ కలిపేసిన మాంటిస్సోరి తరగతుల్లో అంత లేదు. మీ యాజమాన్యం ‘పొద్దున మాంటిస్సోరి, పదిన్నర నుంచి కాపీ రైటింగ్’ అంటే ఈ ఆధారం వాళ్ల ముందు పెట్టండి.

మీ చేతిలో నోట్‌బుక్, మీ గొంతులో నెమ్మది

పిల్లల కోపం మీద పనిచేయాలంటే ముందు దాన్ని చూడటం రావాలి. రోజూ ఒక పావుగంట ఏ పనీ పెట్టుకోకుండా కుర్చీలో కూర్చుని ఒక్క పిల్లను గమనించండి. చూసిందే రాయండి, మీ తీర్పు రాయకండి. ‘చాలా అల్లరి చేశాడు’ అని రాస్తే రేపు మీకే పనికిరాదు. ‘10.50, బూట్ల దగ్గర పక్కవాడిని తోశాడు. అంతకుముందు మూడు ట్రేలు తీసి వెంటనే వదిలేశాడు’ అని రాయండి. నాలుగు రోజులు రాశాక, ఆ తోపులాట ప్రతిసారీ పదకొండుకు కాస్త ముందే వస్తోందని తేలవచ్చు. పొద్దున బూస్ట్ తాగి వచ్చిన పిల్లాడికి ఆ వేళకు ఆకలి. స్నాక్ బల్ల మీద తినాలనుకున్నప్పుడు తినే ఏర్పాటు ఉంటే సగం తగాదాలు పోతాయి. ఇంకొక పాప సోమవారాలే ఏడుస్తోందని తేలవచ్చు. ఆ ఇంట్లో ఆదివారం రాత్రి నాన్న వేరే ఊరికి బస్సెక్కుతాడు.

పేరెంట్స్ మీటింగ్‌లో కూడా ఈ నోట్‌బుక్కే మీకు అండ. “మీవాడు కొడుతున్నాడండీ” అంటే ఆ తల్లి తలదించుకుని, ఇంటికెళ్లి వాడిని బాదుతుంది. జరిగింది జరిగినట్టు చెప్పి, “ఇంట్లో ఈమధ్య ఏమైనా మార్పు వచ్చిందా అమ్మా?” అని అడగండి. చెల్లి పుట్టడం, ఇల్లు మారడం, చూసుకునే అమ్మమ్మ ఊరెళ్లడం, ఏదో ఒకటి బయటపడుతుంది. మీరు డాక్టర్ కాదు. హైపర్ అనీ, ఆటిజం అనీ మీరు పేర్లు పెట్టవద్దు. మాటలు బాగా ఆలస్యమైతే, పిలిస్తే పలకకపోతే, పిల్లల డాక్టర్‌కి చూపించమనండి. జిల్లా స్థాయిలో ప్రభుత్వ డీఈఐసీ (డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్) కేంద్రాలు ఉన్నాయని, అక్కడ పరీక్షలు ఉచితమని చెప్పండి.

మీ సంగతి కూడా చూసుకోవాలి. మూడు గంటలు పిల్లల మధ్య కూర్చుని లేస్తూ, అరుపులు వింటూ ఉంటే ఎవరికైనా ఓర్పు సన్నగిల్లుతుంది. ఏ పిల్లాడి ఏ చేష్టకు మీకు ఒళ్లు మండుతుందో ముందే గుర్తించి, తోటి టీచర్‌తో ఒక ఒప్పందం చేసుకోండి. “కాస్త వీడిని చూస్తారా?” అంటే ఆమె ప్రశ్నలేవీ వేయకుండా వచ్చి మీ చోట కూర్చోవాలి. మీరు బయటికి వెళ్లి మొహం కడుక్కుని రావాలి. అది చేతకానితనం కాదు, పనితనం. గొంతు పెరిగిపోతే ఆ పిల్లాడి దగ్గరే “గట్టిగా అరిచాను, అలా అనకూడదు” అని చెప్పండి. పెద్దవాళ్లు తప్పు ఒప్పుకోవడం పిల్లలు చూడాలి.

సామగ్రి లేని చోట ఏం చేయాలని అంగన్‌వాడీ టీచర్లు అడుగుతుంటారు. మీ దగ్గర ప్రైవేటు బడులకు లేనిది ఒకటుంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఒకే గదిలో ఉన్నారు. మాంటిస్సోరి కోరిన కూర్పు అదే. ప్రైవేటు బడులు నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ అని గోడలు కట్టి దాన్ని పోగొట్టుకుంటున్నాయి. ఐదేళ్ల పిల్ల మూడేళ్లవాడికి చొక్కా గుండీలు పెట్టడం చూస్తే ఆ గదిలో ఏం జరుగుతోందో తెలుస్తుంది. చిన్న స్టీలు గ్లాసులు, చిన్న జగ్గు, పాత చీర చించిన తుడుపు గుడ్డలు, చుట్టి పెట్టుకునే చిన్న చాపలు, అడుగులో అడుగు వేసి నడవడానికి సుద్దముక్కతో నేల మీద గీసిన పెద్ద కోడిగుడ్డు ఆకారపు గీత, ఇవి చాలు మొదలుపెట్టడానికి. గింజలు వేరు చేయించాలనుకుంటే పెద్దవే వాడండి, మీ కళ్ల ముందే చేయించండి. పెసలు, శనగలు ముక్కులో పెట్టుకుంటారు. గుజరాత్‌లో గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాల మందిర్ పెట్టి, మాంటిస్సోరి పద్ధతిని మన ఇళ్ల తీరుకు మలిచారు. ఆయన ‘పగటికల’ తెలుగులో దొరుకుతుంది. సెలవుల్లో చదవండి.

చివరగా, ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లకు. మాంటిస్సోరి అనే పేరు మీద ఎవరికీ హక్కు లేదు. ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు, రాసుకుంటున్నారు కూడా. మరియా మాంటిస్సోరి 1929లో స్థాపించిన అంతర్జాతీయ సంఘం ఏఎంఐ ఇచ్చే డిప్లొమాకి విలువ ఎక్కువ, ఫీజూ ఎక్కువే. వేరే డిప్లొమా తీసుకున్నా పరవాలేదు గానీ, సామగ్రిని మీ చేత్తో పట్టించని, తరగతిలో కూర్చోబెట్టి గమనింపజేయని ఆన్‌లైన్ కోర్సుకి డబ్బు పోయకండి. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు మీరూ ప్రశ్నలు అడగండి. పొద్దున పిల్లలకు అడ్డులేని పని సమయం ఎంత ఇస్తారు? వయసులు కలిపి ఉంచుతారా? ఒక్కో గదిలో ఎంతమంది పిల్లలు, ఎంతమంది పెద్దవాళ్లు? పిల్ల కొరికితే మీ బడిలో ఏం చేస్తారు? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబును జాగ్రత్తగా వినండి. జీతం మాట్లాడుకునే ముందు, ఒక ఉదయం తరగతిలో మూలన కూర్చుని చూసుకుంటానని అడగండి. కుదరదన్న బడిలో చేరవద్దు.